గడపలో అక్రోటు

"ఎల్లుండి నా గదికి భోజనానికి వస్తావా?"

సందులో తన బండి మీంచి మోమోల ప్లేటు అందిస్తూ పబిత్ర అడిగేసరికి చందుకు పొలమారింది.

ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగంలో చేరి ఏడాదవుతున్నా, తిన్నావా అని అడిగిన మనిషి లేదు. తీరా అడిగిందేమో, మేడమీద పక్కగదిలో ఒంటరిగా ఉండే నలభై ఏళ్ళ ఆడమనిషి!

"ఇంకెవరు వస్తారు?"

"నువ్వొక్కడివే భయ్యా. పొద్దున్నే స్నానం చేసి రా," అంది, సందులో నేర్చుకున్న తెలుగులో.

బండి దగ్గరున్న ఆఫీసు కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. "చైనా ఆంటీ పిలుస్తోందిరా, వెళ్ళు!"

"చైనా కాదు, నేపాల్. మాది ఎవరి కిందా ఉండని దేశం," అంది పబిత్ర మెత్తగా.

ఆ మాట పట్టించుకునే నాథుడేడీ!

చందుకు తల కొట్టేసినట్టయింది. తిన్నగా వెళ్ళి ఇంటి ఓనరు ఈరమ్మకు చెప్పేశాడు.

"ఒంటిగా రమ్మనిందా? సంసారాలుండే ఇల్లప్పా ఇది! ఇప్పుడే ఖాళీ చేయమంటా."

"ఎల్లుండి పొద్దున దాకా ఉండనీ అమ్మా," అని పబిత్ర బతిమాలడం చందుకు వినిపించింది. ఎందుకని అడగబుద్ధి కాలేదు.

ఆ పొద్దున పెట్టె ఈడుస్తున్న చప్పుడయింది. తర్వాత పబిత్ర అతని తలుపు తట్టింది.

చందు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడే గానీ గడియ తీయలేదు.

బయట ఠప్పుమని ఏదో పగిలింది. అడుగులు మెట్లు దిగిపోయాయి.

తలుపు తీసి చూస్తే గొళ్ళేనికి బొగడబంతి దండ, గుమ్మం ముందు నూనె చార, గడపలో పగిలిన అక్రోటు కాయ.

ఈరమ్మ గుండెలు బాదుకుంది. "ఏందో చేతబడి చేసి పోయిండాది! తాకొద్దప్పా!"

అన్నీ ఊడ్చి మోరీలో పోసింది.

ఆఫీసు గేటు దగ్గర చందు కాళ్ళు ఆగిపోయాయి. సెక్యూరిటీ గార్డు మెడలో అదే బొగడబంతి దండ! నుదుటిమీద నిలువునా ఏడు రంగుల బొట్టు.

"ఏంటిది?"

"మా నేపాల్ పండగ సార్. అక్క పెట్టింది."

"మరి... గడపలో అక్రోటు పగలగొట్టడం?"

"తమ్ముడి ఇంట్లోకి యముడు రాకుండా సార్."

"తమ్ముడు లేకపోతే?"

"మనసుకు దగ్గరైనవాణ్ణి తమ్ముడనుకుంటుంది."

చందు చెయ్యి తనకు తెలియకుండానే ఖాళీ నుదుటి మీదికి పోయింది.

గార్డు నవ్వుతూ అన్నాడు, "వాడికి బొట్టు పెట్టేదాకా అక్క పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు సార్."