వద్దన్న పియానో

పియానో మెట్టు మీద వేలు పెట్టగానే జమునకు నవ్వొచ్చింది. ఆమెను చూసి రంజిత్‌కు నవ్వొచ్చింది. పెళ్లయి ఇరవై రోజులే, ఇద్దరికీ దేనికైనా నవ్వే.

కరీంనగర్‌లో పరశురాములు వాయిద్యాల దుకాణం అది. పాతవీ కొత్తవీ రెండూ అమ్ముతాడు. పెళ్లిలో వచ్చిన చదివింపులతో ఒక్క కరెంటు పియానోనే వస్తుంది. జమున ఇంట్లో రోజూ సాధన చేసుకోవాలి. ఏది కొనాలో మాత్రం తెలియదు.

ఒకటి పాతదే, కానీ పెద్దది, తళతళలాడుతోంది. ఇంకోటి నల్లగా, బోసిగా ఉంది.

"పెద్దదే తీసుకుందాం!" అంది జమున.

"వద్దు బేటీ."

తలుపు దగ్గర స్టూలు మీద తెల్లగడ్డం ముసలాయన, చేతిలో చాయ్.

"గది బ్యాండోళ్లకైతే సరే. మెత్తగ నొక్కితే కొన్ని మెట్లు పలుకయ్. నేర్చుకునే చేతికి గా నల్లదే మంచిది."

జమున పెద్దదాని మెట్లు నొక్కి చూసింది. ఖంగుమంది.

"పలుకుతుంది గదా తాతా!"

"నువ్వు గట్టిగ కొడుతున్నవ్ బేటీ."

జమునకు ఏమీ పాలుపోలేదు. పరశురాములును అడుగుదామంటే లోపల ఎవరికో గిటార్ చూపిస్తున్నాడు. చటుక్కున రంజిత్‌ను పక్కకు లాగింది.

"నాకు సమజైంది. జమ్మికుంట మార్కెట్ యార్డుల మా బాపు పత్తికి 'తడున్నది, రంగు లేదు' అని వంకలు పెట్టిన సేటే, పొద్దుగూకేసరికి అదే పత్తిని తక్కువకు కొనుక్కపోతుండె. ఈయన కన్ను దీని మీదనే ఉన్నది!"

"పెద్దమనిషిని గట్లంటవా?"

"నీకు పత్తి సంగతి తెల్వది, ఊకో."

పెద్దదే కొనేసి, వెళ్తూ వెళ్తూ ఆగింది.

"తాతా, బేరం నీకు చిక్కలే!"

ఆయన నవ్వాడు. "మంచిగ నేర్చుకో బేటీ."

సాయంత్రం అత్తమ్మ కునుకు తీస్తోందని మెల్లగా వాయించింది. ఐదు మెట్లు మూగబోయాయి. ప్లగ్గు చూసింది. వేలు మార్చింది. రంజిత్ వచ్చి గట్టిగా కొట్టాడు. పియానో పలికింది, అత్తమ్మ లేచింది.

మర్నాడు జమున పియానోను ఆటోలో వేసుకుని దుకాణానికి తెచ్చింది.

"వాపస్ తీస్కుంటరా అన్నా?"

పరశురాములు సొరుగులోంచి ఆమె నిన్న ఇచ్చిన డబ్బు కవరునే తీసి చేతిలో పెట్టాడు.

"దాన్ని అమ్ముమని పెట్టినాయన మూడు నెలల సంది దినాం వచ్చి 'అమ్ముడుపోయిందా' అని అడుగుతుండె. తీరా నిన్న పైసలిస్తే ముట్టలేదమ్మా. 'గా బిడ్డ వాపస్ తెస్తది, ఆమెకే ఇయ్యి' అన్నడు."

జమున అయోమయంగా చూసింది.

"నేను తెస్తనని ఆయనకెట్ల తెల్సు? ఎవరాయన?"

"చాంద్‌పాషా సాబ్. నిన్న స్టూలు మీద కూసొని, వద్దు బేటీ అన్నది ఆయనే."