గార్డు గారి నడుం నొప్పి

"ఈ ఆట గెలిచినవారి ఫోటో రేపు పేపర్లో వస్తుంది," అని మైకులో చెప్పారు తెలుగు సంఘం కార్యదర్శి నారాయణమూర్తి గారు. హాలంతా చప్పట్లు కొట్టింది. చదరంగం బోర్డు ముందు కూర్చున్న గోవిందరావుకి మాత్రం గుండె జారిపోయింది.

జారదా మరి. గూడ్సు గార్డు గోవిందరావు నిన్న సాయంత్రం నుంచి ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి సిక్కులో ఉన్నాడు. డ్యూటీలు వేసే చిన్నారావుకి ఫోన్ చేసి, "నడుం పట్టేసింది సార్, మంచం మీంచి లెగనేకపోతన్నాను," అని మూలిగాడు.

"సిక్కంటే ఆ మంచం మీదే ఉండాల. బైట కనబడ్డావో, చార్జిషీటే," అన్నాడు చిన్నారావు.

అన్నంత పనీ చేసే మనిషి. పైగా రోజూ పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నమిలేస్తాడు.

అసలు ఫైనలు దాకా వస్తానని గోవిందరావు కల్లో కూడా అనుకోలేదు. బోర్డు ముట్టుకుని ఇరవై ఏళ్లయింది. సంఘం వాళ్లు పోటీ పెడుతున్నారని తెలిశాక రెండు నెలల నుంచి మళ్లీ మొదలెట్టాడు. లూపు లైన్లో బండి గంటలకొద్దీ నిలబడిపోతే చివర గార్డుండే బ్రేక్ వేన్లో అరచేతంత బోర్డు ముందేసుకుని తనతో తనే ఆడేవాడు. ఇంటికొస్తే, ఇక్కడే హిందీ బళ్లో చదువుకుంటున్న కూతురు సింధు ఫోన్లో పెద్ద పెద్ద ఆటలు చూపించి పాఠం చెప్పేది. ఇవాళ రెండాటలు ఆడి, మూడో దాంట్లో ఓడిపోయి, మధ్యాహ్నానికల్లా బర్మామైన్స్ పేటలో ఇంటికి పోయి పడుకుందామనుకున్నాడు. ఖర్మ కాలి నాలుగూ గెలిచాడు.

ఎదురుగా ఉన్నది ఊళ్లోనే ఇంకో పేట కద్మా నుంచి వచ్చిన కుర్ర ఇంజినీరు సిద్ధార్థ్. అతనూ నాలుగు గెలిచాడు.

ఓడిపోవాలి, వేరే దారి లేదు. చెయ్యి చాపి 'ఓడిపోయాను బాబూ' అంటే ఒక్క నిమిషం పని. కానీ ముందు వరసలో సింధు కూర్చుంది. దాని కళ్ల ముందు ఊరికే చేతులెత్తేయడానికి ప్రాణం ఒప్పలేదు. కాస్త మర్యాదగా ఓడిపోవాలి.

పదిహేనో ఎత్తుకి మంత్రిని తీసుకెళ్లి సిద్ధార్థ్ గుర్రం నోటికి అందించాడు.

సిద్ధార్థ్ ఉలిక్కిపడ్డాడు. బోర్డు చూశాడు, గోవిందరావు మొహం చూశాడు, మళ్లీ బోర్డు చూశాడు. పది నిమిషాలు గడ్డం నిమురుకుని, మంత్రి జోలికి పోకుండా గుర్రాన్ని వెనక్కి లాక్కున్నాడు.

గోవిందరావు ఉండబట్టలేకపోయాడు. "తీసీవల్సింది బాబూ, పర్నేదు," అన్నాడు.

"అంకుల్, నన్ను కన్ఫ్యూజ్ చెయ్యకండి," అన్నాడు కుర్రాడు చెమట తుడుచుకుంటూ.

"ఏటి తెలివి ఈయనది," అన్నారెవరో వెనకాల. వాళ్ల పక్కన మంకీ టోపీ, మొహానికి మాస్కు వేసుకుని నిలబడ్డ మనిషొకడు మాత్రం నాలుక చప్పరించాడు. జనవరి చలికి హాల్లో సగం మంది అలాగే ఉన్నారు.

ఈసారి గోవిందరావు మంత్రిని ఏనుగు ముందు పెట్టాడు. సిద్ధార్థ్ దేవుడి మీద భారం వేసి తీసేశాడు. ఏమీ జరగలేదు. ఇంకో పది ఎత్తులకి గోవిందరావు ఆట కట్టయింది.

పోయిన ప్రాణం లేచొచ్చింది గోవిందరావుకి. లేచి కుర్రాడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపేశాడు.

"ఓడిపోయి ఇంత సంబరపడే మనిషిని నేను చూడలేదయ్యా," అన్నారు నారాయణమూర్తి గారు. "రండి, మీరూ ఫోటోలో నిలబడండి."

"నడుం నొప్పండీ, నిలబడలేను," అని గోవిందరావు హాల్లోంచి మాయమైపోయాడు.

స్కూటరు మీద సింధు ఎత్తులన్నీ వేళ్ల మీద లెక్కేసుకుంటూ కూర్చుంది. ఇంటి ముందు దిగాక, "నాన్నా, ఆప్‌నే వజీర్ క్యోఁ దే దియా? గెలిచే ఆటలో మంత్రినెవరైనా ఇచ్చేస్తారా," అంది ఏడుపు గొంతుతో.

గోవిందరావు సిక్కు సంగతంతా చెప్పాడు. సింధు నవ్వలేక చచ్చింది. "పహ్‌లే బోల్‌నా థా, ముందే చెప్పొచ్చుగా," అంది కళ్లు తుడుచుకుంటూ.

"ఉజ్జోగం నిలబడ్డాది, అది సాలు. కప్పు వచ్చే ఏడు తెత్తాన్లే," అన్నాడు. ఆ రాత్రి హాయిగా గుర్రు పెట్టి నిద్రపోయాడు.

తెల్లారాక సింధు పేపరు తెచ్చి చేతిలో పెట్టింది. కప్పు పట్టుకున్న ఫోటో కాదు, హాలుకొచ్చిన పేపరు విలేకరి ఆట మధ్యలో తీసింది వేశాడు. సిద్ధార్థ్ వీపు తప్ప ఏమీ కనబడటం లేదు. ఎదురుగా చేత్తో మంత్రిని పట్టుకుని, కడిగిన ముత్యంలాగ గోవిందరావు. కింద పేరూ, రైల్వే గార్డన్న ముక్కా కూడా.

ఇంతలో ఫోన్ మోగింది. చిన్నారావు. గోవిందరావుకి నిజంగానే నడుం పట్టేసినంత పనయింది.

"గోవిందరావూ, పేపరు చూసావా?"

"సూసాను సార్. తప్పయిపోనాది."

"తప్పు కాదేటి మరి. గెలిచే ఆటలో మంత్రినిచ్చేత్తావా? నీ వెనకాల నిలబడి ఎంత కొట్టుకున్నానో నీకేటి తెల్సు."

గోవిందరావు ఫోటో కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. తన భుజం మీంచి మంకీ టోపీ ఒకటి తొంగి చూస్తోంది.

"సార్, మీరు..."

చిన్నారావు గొంతు తగ్గించాడు. "ఎవులికీ చెప్పకు బాబూ, నిన్న నేనూ సిక్కులోనే ఉన్నాను."