బీన్స్ ట్రేలో తప్పు

"నిన్నటి బీన్స్ ట్రేలో ఉండకూడనిది ఒకటి దొరికింది. ఎవరి చేతిలో జరిగిందో తేలాలి తమ్ముడూ," అంది కూరగాయల కొట్టు యజమానురాలు.

బండి డ్రైవరు తన తప్పేమీ లేదన్నాడు. తోట దగ్గర ఎక్కించిన ట్రేలను ఎండ తగలకుండా, ఒక్క కాయ నలగకుండా తొమ్మిది గంటల్లో కొట్లో దించానన్నాడు. నిజమే. పదకొండేళ్లుగా ఆమె కొట్టు నిలబడిందంటే ఇలాంటి చేతుల చలవే. ఆ మాట అతనికి చెప్పి మరీ, అతని బండిలోనే కాయ వచ్చిన దారిన వెనక్కి బయలుదేరింది.

తోట పక్క షెడ్డులో మేస్త్రీని కోత ఎన్నింటికి, తూకం ఎన్నింటికి, ఒక్కో ట్రే ఎందరి చేతులు మారుతుందని అడిగింది. అతను అన్నీ చెప్పి, ఇంతకీ దొరికిందేమిటని ఆరా తీశాడు.

"ఏమిటో అడక్కు. ఎవరిదో చెప్పు, చాలు."

"మా షెడ్డుది మాత్రం కాదక్కా."

ఆమె లోలోపల నవ్వుకుంది. లాభానికి పదిమంది చుట్టాలు, తప్పుకి దిక్కూ దివాణం ఉండదు. బజారు నేర్పిన లెక్క అది.

తోటలో కోతకు నలుగురు ఆడవాళ్లున్నారు. తప్పు ఎవరిదని తేలితే వాళ్లకు రేపటి నుంచి పని లేదని మేస్త్రీ ముందే బెదిరించాడు. ముగ్గురు తల అడ్డంగా ఊపారు. జ్వరం తగ్గి నాలుగు రోజుల కిందటే పనిలోకి వచ్చిన నాలుగో ఆమె బుట్ట దించి ముందుకొచ్చింది.

"నాదేనమ్మా. జ్వరానికి చెయ్యి చిక్కిపోయింది. కోస్తుంటే ఎప్పుడు జారిందో తెలియలేదు. ఎవరి పంటి కిందైనా పడిందా?"

"పడి ఉంటే?"

"వాళ్ల దగ్గరికొచ్చి క్షమించమని అడుగుతాను. పని మాత్రం తియ్యకండి. నా కూలితోనే మా ఇల్లు గడుస్తుంది."

మేస్త్రీ ఏదో అనబోయాడు. యజమానురాలు అతన్ని ఆగమని, మట్టి అంటిన ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"ఇన్నాళ్లూ ఈ చెయ్యి కోసిన కాయే మా ఇంట్లో అన్నమయింది తల్లీ. ఎవరిదో తెలియక ఇంతకాలం దణ్ణం పెట్టుకోలేకపోయాను," అంది.

తర్వాత ట్రేలో దొరికిన బంగారు ఉంగరాన్ని సంచిలోంచి తీసి ఆమె వేలికి తొడిగింది.