విడుపు దాకా

ఆ రోజు సూర్యుడు గ్రహణంతోనే ఉదయించాడు. సరిగ్గా ఆ వేళకే స్వరూపకు నొప్పులు ఎక్కువయ్యాయి.

అది రెండు వేల తొమ్మిది, జూలై నెల. ఉప్పునుంతల పక్కన చిన్న ఊరు. నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోవడానికి వాకిట్లో ఆసిఫ్ ఆటో సిద్ధంగా ఉంది.

కానీ అత్త సుభద్రమ్మ తలుపు గడియ పెట్టేసింది. నీళ్ళ కుండలమీద గరిక వేసింది. గ్రహణంలో నిండు చూలాలు గడప దాటితే బిడ్డకు మొర్రి వస్తుందని ఆమె భయం. ఊరందరిదీ అదే భయం. ఒక్క ఇంటి తలుపూ తెరిచి లేదు.

వీధిలో ఆసిఫ్ కాక ఉన్నది ఒక్క ముసలాయనే. రాత్రి బస్సు దిగి, తాళం వేసిన పంతులుగారి ఇంటి అరుగుమీద పడుకున్నాడు. నల్లద్దంలోంచి సూర్యుణ్ణి చూస్తున్నవాడు స్వరూప అరుపు విని పరుగున వచ్చాడు. తలుపు తట్టాడు.

"తల్లీ, పిల్లను దవాఖానకు తోలియ్యండ్రి. పొద్దుకు చంద్రుడు అడ్డమొచ్చిండు, గంతే."

"విడుపు అయ్యేదాక పోనియ్య," లోపలినుంచే అంది సుభద్రమ్మ. "పంచాంగంల ఉన్నది."

"పంచాంగంల లెక్క పొద్దుది, చంద్రునిది. నీ కోడలిది కాదమ్మా."

"ఆ లెక్క కట్టినాయనకంటె నీకెక్కువ తెల్సా?"

ముసలాయన చేతిలోని నల్లద్దం జేబులో పెట్టుకున్నాడు.

"ఆయనకు కాన్పుల సంగతి ఏం తెల్వదమ్మా," అన్నాడు.

లోపల స్వరూప మొగుడు జగదీశ్‌కు రెండు భయాలు. భార్య దక్కదేమోనని ఒక భయం, బిడ్డకు మొర్రి వస్తుందేమోనని ఇంకో భయం. ఎటూ తేల్చుకోలేక తల్లి పక్కనే నిలబడిపోయాడు.

వెలుతురు తగ్గింది. బయటికొచ్చిన కోళ్ళు మళ్ళీ గంప కిందికి దూరాయి.

ముసలాయన రెండు చేతులా తలుపు బాదాడు. ఇంకోసారి కొడితే కాళ్ళు విరగ్గొడతానని ఎదురింటి చెన్నయ్య కిటికీలోంచి అరిచాడు. పాపం, బయటికొచ్చి విరగ్గొట్టడానికి ఆయనకూ ధైర్యం చాలలేదు.

స్వరూప అరుపులు మూలుగులయ్యాయి. తర్వాత మూలుగూ సన్నబడింది.

విడుపు అయ్యాకే తలుపు తెరుచుకుంది. ఆసిఫ్ ఆటోను ఉరికించాడు.

స్వరూప బతికింది. బిడ్డ బతకలేదు. కాస్త ముందు తెచ్చి ఉంటే దక్కేవాడని డాక్టరమ్మ చెప్పింది.

సుభద్రమ్మ బిడ్డ మొహం మీది గుడ్డ తొలగించి చూసింది. పెదవులు చక్కగా ఉన్నాయి. 

సాయంత్రం, కృష్ణలో గ్రహణస్నానానికి పోయిన పంతులుగారు తిరిగొచ్చారు. పరామర్శకు వచ్చి వాకిట్లో నిలబడి జరిగిందంతా విన్నారు. ఆ తలుపు కొట్టిన మనిషి ఎక్కడున్నాడని అడిగారు. బిడ్డ కబురు తెలిసి, ఏడ్చుకుంటూ మధ్యాహ్నం బస్సెక్కాడని చెన్నయ్య తల దించుకుని చెప్పాడు.

"నా కోసమే వచ్చిండు," అన్నారు పంతులుగారు. "పెద్ద కాలేజీల లెక్కలు చెప్పినాయన. బతుకంత చంద్రుని నడక చూసుడే."

సుభద్రమ్మ తలెత్తి చూసింది.

"మన పంచాంగంల పట్టు, విడుపు లెక్క కట్టేది ఆయనే తల్లీ."