అయిపోకూడని పాఠం

"సార్, టైమయిపోయె," అంది లహరి పుస్తకం మూస్తూ.

"కాలేదమ్మా. 'స్టిల్' అనే మాట సగమే చెప్పాను," అన్నాడు సురేంద్ర. అతను గోడ గడియారం వైపు చూడలేదు. చివరి బెంచీ వైపు చూశాడు.

ఆ మనిషి అక్కడే ఉన్నాడు. పాఠం మొదలైన కాసేపటికి వచ్చి, ఎవరినీ పలకరించకుండా వెనక కూర్చున్నాడు. పుస్తకం లేదు, పెన్ను లేదు. భుజాన తువ్వాలు, మాసిన గడ్డం. స్పోకెన్ ఇంగ్లీషు కోసం వచ్చిన వాలకం కాదది. వచ్చినప్పటినుంచీ రెప్ప వెయ్యకుండా ముందుకే చూస్తున్నాడు.

రేపు కోర్టులో సాక్ష్యం. నడిబజారులో జరిగిన హత్యను కళ్లారా చూసినవాళ్లలో మాట మార్చనిది ఇక సురేంద్ర ఒక్కడే. పొద్దున ఫోనులో ఎవడో చాలా మర్యాదగా అన్నాడు, "సాయంత్రం పాఠం అయిపోనీ సార్. ఆ తర్వాత నీ పని చూస్తాం" అని. ఇంట్లో ఉంటే ఆ పనేదో భార్యాబిడ్డల ముందే జరుగుతుందని భయపడి క్లాసుకొచ్చాడు. ఇప్పుడు ఈ మేడమీది గదిలో ఇరుక్కున్నాడు. ఉన్నది ఒకటే తలుపు, అదీ ఆ చివరి బెంచీ పక్కనే.

ఇంతమంది ముందు చెయ్యి చేసుకోరని అతని ఆశ. పాఠం సాగినంతసేపే ప్రాణం. అందుకే 'స్టిల్'ను వదలకుండా పట్టుకున్నాడు.

"ఇట్ ఈజ్ స్టిల్ రెయినింగ్. అంటే?"

"ఇంకా వాన పడతాండాదని," అంది చౌడేశ్వరి. "మన అనంతపురంలో 'ఇంకా' యాడిది సార్? ముందు పడల్ల కదా!"

అందరూ నవ్వారు. సురేంద్ర కూడా నవ్వబోయి, చివరి బెంచీ వైపు చూసి ఆగాడు.

"సరే, ఇది వినండి. పోయినేడు శెనక్కాయ ఎండిపోయింది. స్టిల్, ఈ ఏడూ అదే వేశాం. ఇక్కడ 'అయినా సరే' అని అర్థం. రేటు నిన్న పడింది, ఈరోజు స్టిల్ లోయర్. అంటే మరింత కిందికి. సిట్ స్టిల్ అంటే కదలకుండా కూర్చో అని."

చివరి బెంచీ మనిషి కదలకుండానే కూర్చున్నాడు.

"ఇంకేమన్నా ఉండాయా సార్?" అని అడిగాడు ముందు బెంచీలోని సందీప్. ఈ వారమే చేరాడు. బెంగళూరు కాల్‌సెంటర్లో ఉద్యోగం కావాలట. చెప్పిందల్లా వంగి బుద్ధిగా రాసుకుంటాడు. ఆ ఒక్క మొహం చూస్తేనే సురేంద్రకు కాస్త ధైర్యంగా ఉంది.

"ఎందుకు లేవు, బోలెడున్నాయి! హి ఈజ్ స్టిల్ అలైవ్. అతను ఇంకా బతికే ఉన్నాడు."

అనేశాక, ఆ వాక్యమే ఎందుకు చెప్పానా అనుకున్నాడు.

"బస్సు పోతాది సార్," అని చౌడేశ్వరి లేచింది. వెనకే లహరి. ఆ తర్వాత తక్కినవాళ్లంతా.

"ఆగండి, ఇంకొక్క వాక్యం!" అని బతిమాలాడు సురేంద్ర.

"రేపు చెప్దువులే సార్," అంటూ వెళ్లిపోయారు. రేపటి సంగతి వాళ్లకేం తెలుసు!

ముందు సందీప్, వెనక ఆ మనిషి మిగిలారు. సందీప్ కూడా పుస్తకం మూశాడు.

"చీకటి పడతాండాది సార్. నా బండి మీద ఇంటికాడ దింపుతా, రాండి."

సురేంద్రకు ఏడుపొచ్చినంత పనైంది. దేవుడే పంపాడనుకున్నాడు ఈ కుర్రవాణ్ణి. చాక్‌పీసు పారేసి అతని వెంట నడిచాడు. అంతలో చివరి బెంచీ మనిషి లేచి తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డాడు.

"సారు ఇప్పుడే రాడు. నాకు ఆయనతో పని ఉండాది. నువ్వు పోప్పా."

"నేనుంటాలే అన్నా," అన్నాడు సందీప్.

"పొమ్మంటి కదా!"

ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. చివరికి సందీప్ "కిందనే ఉంటా సార్. నిదానంగా రాండి," అని మెట్లు దిగాడు. సురేంద్ర అతని వెంట వెళ్లబోయాడు. ఆ మనిషి తలుపు మూసి గొళ్లెం పెట్టాడు.

"నాకు చిన్న పాప ఉంది అన్నా," అన్నాడు సురేంద్ర చేతులు జోడించి. "సాక్ష్యం చెప్పను. రేపు కోర్టుకే పోను." ఆ మాటలు తన నోట వస్తుంటే తనమీద తనకే అసహ్యం వేసింది.

"చెప్పకుంటే ఎట్ల సార్? నా పేరు లింగప్ప. నందినమ్మ భయపడి వాళ్ల నాయనకు ఫోన్ చేసిందంట. నిన్ను కోర్టుకు పిల్చుకోని పొమ్మని ఆయప్పే పంపినాడు, విడపనకల్లు నుంచి."

నందిని! తన భార్యే! సురేంద్ర బెంచీ మీద కూలబడ్డాడు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ వెంటనే కోపమూ వచ్చింది.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదయ్యా! పాపం ఆ పిల్లాణ్ణి ఎందుకు తరిమేశావు? తోడుగా ఉండేవాడు. ఉండు, పిలుస్తాను," అంటూ కిటికీ వైపు నడిచాడు.

లింగప్ప అతని చెయ్యి పట్టుకుని గట్టిగా వెనక్కి లాగాడు.

"పిలవద్దు సార్, కిందికి వినపడేట్ల పాఠం చెప్తా ఉండు. నువ్వు వాని మొగమే చూస్తాంటివి, నేను ఎనకనుంచి చూస్తాంటి. వాడు వంగి రాసుకునేటప్పుడల్లా చొక్కా కింద మచ్చుకత్తి కనపడతాండె."