దొరకు తెలుగు గొంతు

ఇంటర్వెల్ పడగానే ఎల్లస్వామి జనాన్ని తోసుకుంటూ వచ్చి చంద్రమౌళి భుజం పట్టుకున్నాడు.

"మౌళీ! రెండేండ్లాయె నిన్ను చూడక. ఏం గొంతురా అది! థియేటరంత ఊగిపోతాంది!"

చంద్రమౌళి మెడ చుట్టూ కండువా సర్దుకుని నవ్వాడు. హన్మకొండలో పద్యనాటకాలు ఆడే రోజుల నుంచి ఇద్దరూ స్నేహితులు. తర్వాత ఎల్లస్వామి హైదరాబాద్ వెళ్లి డబ్బింగ్ కళాకారుల సంఘంలో చేరాడు. చంద్రమౌళికేమో ఒక ఇంగ్లీషు నటుడు దొరికాడు. లండన్‌లో పన్నెండేళ్లు రంగస్థలం మీద పాత పద్యాల నాటకాలు ఆడి, ఆపైన సినిమాల్లోకి వచ్చిన మనిషి. ఇరవై రెండేళ్లుగా తెలుగులో ఆయనకు గొంతు చంద్రమౌళిదే. సేనాపతి, జడ్జి, ఇప్పుడు ముసలి రాజు. ఆయన వేషాలన్నీ వరంగల్ వాళ్లు ఈ గొంతులోనే విన్నారు. పక్కనే ఉన్న చంద్రమౌళి భార్య కళావతి ఆయన్ని "మీ దొర" అంటుంది.

ఎల్లస్వామి దగ్గరికి జరిగాడు.

"ఒక మాటడుగుత. ఈ సినిమాకు నువ్వు స్టూడియోకే పోలేదట గద. పాత రికార్డింగులేసి కంప్యూటర్‌తోని పలికిచ్చిండ్రట. నిన్ను అడిగిండ్రా?"

చంద్రమౌళి తల అడ్డంగా ఊపాడు.

"ఇంకేంది మరి! కేసేద్దాం. ముందుగాల ఆ స్టూడియో మేనేజర్‌ను నిలదియ్యి." నంబరు కలిపి ఫోన్ అతని చేతిలో పెట్టాడు.

"హలో... ఎవరండీ? హలో..." అంది అవతలి గొంతు.

చంద్రమౌళి ఫోన్ తిరిగి ఎల్లస్వామి వైపు చాచాడు. అవతల పెట్టేశారు.

"ఏందిరా గింత భయం? తెర మీద రాజువు, బయట పిల్లివి!"

"గట్లనకు అన్నా, అసలు సంగతేందంటే..." కళావతి చెప్పబోయింది. చంద్రమౌళి ఆమె చేయి గట్టిగా నొక్కాడు. ఆమె ఆగిపోయింది.

"నీ ఇష్టం. నేనేం జేస్త?" ఎల్లస్వామి విసురుగా వెళ్లిపోయాడు.

సినిమా మళ్లీ మొదలైంది. తెర మీద రాజు మంచం మీద నుంచే రాణిని పిలిచాడు. "భయపడకు. నేనిక్కడే ఉన్నాను."

కళావతి తెర చూడలేదు. కళ్లు మూసుకుని వింటోంది. ఆమె చెంపలు తడిశాయి. చంద్రమౌళి తెరనే చూస్తున్నాడు. తన సొత్తు ఎవరో ఎత్తుకుపోయి, తన ముందే అమ్ముకుంటున్నారు. అడగాలి, ఆపించాలి. పక్కకు తిరిగి ఆమె ముఖం చూశాడు. ఎవరో చేతులు కట్టేసినట్టయింది.

బయటికి వచ్చాక కళావతి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రేపు గూడ వద్దామా?" అంది జంకుతూ.

అతను తలూపాడు.

గొంతు క్యాన్సర్‌తో చంద్రమౌళి మాట పోయి అప్పటికి ఏడాది దాటింది.