పసుపు సిరా

ఇళ్లలోనే మందులు అచ్చు వేసుకోవడం మొదలయ్యాక నంద్యాలలో మందుల షాపులన్నీ మూతపడ్డాయి. మందు సిరా చవక అని మద్దమ్మ, ఓబులేసు కొత్త ప్రింటరు కొన్నారు. కూతురు వెన్నెలకు మూర్ఛ రాకుండా ఆపే ఎర్ర మాత్ర రోజూ పొద్దున్నే అందులోంచి రావాలి.

ఆ రోజు రాలేదు. "పసుపు సిరా అయిపోయింది. నింపేదాకా ఏదీ అచ్చు కాదు" అంది మిషను.

"ఎర్ర మాత్రకు పసుపుతో ఏం పని?" అని అరిచాడు ఓబులేసు.

కొత్త సిరా రావాలంటే రెండు రోజులు. వెన్నెల అప్పటికే, మూర్ఛ వచ్చే ముందులాగా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటోంది. మద్దమ్మ ఖాళీ పసుపు డబ్బాలో కాచి చల్లార్చిన నీళ్లు పోసి బిగించింది. మిషను నమ్మింది. ఎర్ర మాత్ర వచ్చింది. అందులో ఏమేం కలిసిందో ఎవరికీ తెలియదు.

వెన్నెల దాన్ని మింగింది.

సాయంత్రం దాకా మద్దమ్మ కూతురి కళ్లలోకే చూస్తూ కూర్చుంది. మూర్ఛ రాలేదు.

మర్నాడు ఆమె ప్రింటర్లు అమ్మే షాపుకు పోయింది. "ధర ఎంతైనా సరే అన్నా, ఒక రంగు అయిపోయినా తక్కినవి పనిచేసేది ఇవ్వు."

షాపాయన గొంతు తగ్గించాడు. "అట్లాంటివి ఇప్పుడు రావడం లేదక్కా. మా ఇంట్లో గూడా నీళ్లే పోస్తాండాం."